మద్యం మానదలచినవానికి తోడెవరు?

మద్యపానం నిషిద్ధమన్న విషయంలో ముస్లింల మధ్య భిన్నాభిప్రాయం లేదు. మదర్సాలో ఖాయిదా చదివే పసివాణ్ణి అడిగినా ‘షరాబు హరాం’ అని తడుముకోకుండా చెబుతాడు. కనుక ఆ నిషేధానికి ఆధారాలు సమకూర్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. హరాం అని తెలిసి, ఆ తెలివితోనే లోలోపల నలిగిపోతూ, తౌబా చేసి, మళ్ళీ తాగి, మళ్ళీ తౌబా చేసే సోదరుని సంగతి ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న. అతనికి కావలసింది ఇంకొక ఉపన్యాసమేనా, మరేదైనా ఉన్నదా?

తాగుడు మానినవారు, మానదలచినవారు వారానికి ఒకటి రెండుసార్లు ఒకచోట కూర్చుని, తమ బాధలు చెప్పుకుని, ఒకరికొకరు ఆసరాగా నిలిచే పద్ధతి ఒకటి గత శతాబ్దంలో మొదలై లోకమంతా వ్యాపించింది. వీటిని సహాయ సమావేశాలనవచ్చు. ముస్లిం వీటికి వెళ్ళవచ్చునా? అక్కడ ఏం జరుగుతుంది? నెల్లూరు సముద్ర తీరాన విడవలూరు వంటి ఊళ్ళో ఉన్నవాడు వీటిని ఎలా వెతుక్కోవాలి? ఈ మూడు విషయాలను వరుసగా పరిశీలిద్దాం.

దాచిపెట్టడం వల్ల కలిగే నష్టం

ఇతరుల ఇళ్ళలో తాగేవాడుంటే వీధి వీధంతా ఎరిగి ఉంటుంది. ముస్లిం ఇంట్లో అలా కాదు. పాపభీతి, పరువు రెండూ కలిసి విషయాన్ని తలుపుల వెనుక దాచేస్తాయి. ‘ఒంట్లో బాగుండలేదు’ అని భార్య చెబుతుంది. ‘పని మీద వెళ్ళాడు’ అని తల్లి చెబుతుంది. ఆడపిల్ల పెళ్ళి సంబంధం చెడుతుందేమోనన్న భయంతో అన్నదమ్ములు కూడా నోరు విప్పరు. మత్తులో నమాజుకు చేరువ కారాదని తెలుసు గనుక తాగేవాడు మొదట మసీదుకు రావడం మానేస్తాడు. మసీదుతోపాటే మసీదుకు వచ్చే మనుషులూ దూరమవుతారు. చివరికి అతన్ని పలకరించేవారు దుకాణం దగ్గర కలిసేవారే మిగులుతారు.

తాగినవాని నమాజు 40 రోజులు స్వీకరించబడదన్న హదీసును సగం విని, ‘ఇక నమాజు ఎందుకు?’ అని కూర్చుండిపోయేవారూ ఉన్నారు. స్వీకరించబడకపోవడమంటే ప్రతిఫలం కోల్పోవడమే గాని, నమాజు చేయవలసిన విధి తొలగిపోవడం కాదని పండితులు వివరించారు. అదే హదీసులో, అతడు పశ్చాత్తాపపడితే అల్లాహ్ దాన్ని స్వీకరిస్తాడన్న శుభవార్త కూడా ఉన్నది. వాకిలి మూసినట్లు కనిపించే మాటలోనే వాకిలి తెరిచి ఉన్నది.

ఈ దాపరికం ముస్లింలకే పరిమితమైనది కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీలోని ఎయిమ్స్ సంస్థ జరిపి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం పుచ్చుకుంటున్నారు. వారిలో మద్యం వల్ల కలిగిన సమస్యలకు సహాయం అవసరమైనవారు 5.7 కోట్ల మంది. అయితే మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స గాని, సహాయం గాని అందింది. మిగిలిన 37 మంది ఒంటరిగా పెనుగులాడుతున్నారన్న మాట.

నెల్లూరు జిల్లా నేర్పిన పాఠం

మద్యం విషయంలో నెల్లూరు జిల్లాకు ఒక చరిత్ర ఉన్నది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణాన్ని మూయించిన సంగతి తెలుగువారందరికీ తెలుసు. అది మొదలైన తీరు మాత్రం చాలామంది గమనించరు. అక్షరాలు నేర్చుకోవడానికి ఆ స్త్రీలు రాత్రి బడిలో కలుసుకునేవారు. అక్కడి పాఠాలు వారి ఇళ్ళలోని కష్టాన్నే చర్చకు పెట్టాయి. ఇన్నాళ్ళూ ఎవరికి వారు తమ ఖర్మ అనుకున్నది పదిమంది ఖర్మ అని తెలిసింది. తెలిసినాక ధైర్యం వచ్చింది. ఉద్యమం జిల్లా అంతా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేశారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకచోట కూర్చుని బాధ చెప్పుకోవడం ఎంతటి బలాన్నిస్తుందో చూశాం. దుకాణం మూసినంత మాత్రాన మనిషి లోపలి దాహం మూతపడదని కూడా చూశాం. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం నేర్పినదీ ఇదే. చట్టం తన పని తాను చేయాలి. చట్టం చేరలేని చోట ఇంకొకరి చేయి కావాలి.

విడవలూరు పరిసరాల్లో ఆ చేయి అవసరం ఎక్కువగానే ఉంటుంది. వరి కోతలు, రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా, సముద్రం మీద వేట, ఇవన్నీ ఒళ్ళు హూనం చేసే పనులు. కూలి డబ్బు చేతికి వచ్చిన సాయంత్రమే ‘ఒళ్ళు నొప్పులకు కాస్త’ అంటూ పిలిచే స్నేహితుడు తయారుగా ఉంటాడు. ఆ పిలుపుకు ఎదురుగా ఇంకొక పిలుపు వినిపించకపోతే, ఒంటరి మనిషి దృఢ నిశ్చయం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

దైవప్రవక్త (సల్లం) చూపిన మార్గం

అరబీలో మద్యాన్ని ‘ఖమ్ర్’ అంటారు. కప్పడం అనే అర్థమిచ్చే ధాతువు నుంచి వచ్చిన పదమిది. బుద్ధిని కప్పివేసేదంతా ఖమ్రేనని హజ్రత్ ఉమర్ (రజి) మింబరు మీది నుంచి వివరించారు. దీన్ని దివ్యఖుర్ఆన్ ఒక్కసారిగా నిషేధించలేదు. నహ్ల్ సూరా 67వ ఆయతులో మంచి ఆహారానికి, మత్తుకు మధ్య తేడా సూచించింది. బఖరా సూరా 219వ ఆయతులో లాభం కంటే పాపమే పెద్దదని చెప్పింది. నిసా సూరా 43వ ఆయతులో మత్తులో నమాజుకు చేరువ కావద్దన్నది. చివరకు మాయిదా సూరా 90, 91 ఆయతుల్లో పూర్తిగా మానుకోమని ఆదేశించింది. మొదటి రోజే తాగవద్దని ఆదేశం వచ్చి ఉంటే ప్రజలు ఎన్నటికీ మానేవారు కారని హజ్రత్ ఆయిషా (రజి) అన్నారు. మనసులు సిద్ధమయ్యేదాకా ఆగి, సిద్ధమైనాక తుది ఆజ్ఞ వచ్చింది.

తుది ఆజ్ఞ వచ్చిన రోజున మదీనాలో జరిగినదాన్ని హజ్రత్ అనస్ (రజి) వర్ణించారు. ప్రకటన చెవిన పడగానే అబూ తల్హా (రజి) ఇంట్లోనివారు పాత్రలోని మద్యాన్ని పారబోశారు. మదీనా వీధుల్లో అది పారింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజు ఎవరూ ఒంటరిగా మానలేదు. ఊరు ఊరంతా ఒకేసారి మానింది. రమ్మని పిలిచే స్నేహితుడు కూడా మానేశాడు. సూడాను దేశానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త మాలిక్ బద్రీ 1976లో ఇస్లాం, మద్యవ్యసనం అన్న విషయంపై రాసిన గ్రంథంలో మదీనా సాధించిన ఈ విజయాన్నే మనస్తత్వ శాస్త్ర దృష్టితో పరిశీలించారు. నేటి మనిషి చుట్టూ అటువంటి మదీనా లేదు. అతని కోసం ఒక చిన్న మదీనాను కూర్చవలసి ఉన్నది.

మానలేకపోయిన వ్యక్తి పట్ల దైవప్రవక్త (సల్లం) ఎలా ప్రవర్తించారో కూడా చూద్దాం. అబ్దుల్లాహ్ అనే ఒక సహాబీ తన హాస్యంతో దైవప్రవక్త (సల్లం)ను నవ్విస్తుండేవారు. ఆయన తాగి పట్టుబడి శిక్ష పొందారు, మళ్ళీ పట్టుబడ్డారు. ‘ఎన్నిసార్లు తెస్తారు ఇతన్ని!’ అని ఒకరు విసుగుతో శపించారు. దైవప్రవక్త (సల్లం) వారించి, శపించవద్దని, అతనికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉన్నదని చెప్పారు. మరొక సందర్భంలో, శిక్ష పొందిన వ్యక్తిని ఒకరు తిట్టగా, సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దని హెచ్చరించారు. ఈ రెండూ బుఖారీలోనివే. శిక్ష ఆగలేదు, ప్రేమా ఆగలేదు. మనలో ఎంతమందిమి మొదటిదాన్ని గుర్తుంచుకుని రెండోదాన్ని మరిచిపోయాం!

ఇబ్నె కసీర్ తన తఫ్సీరులో మూమిన్ సూరా ప్రారంభ ఆయతుల కింద ఒక ఉదంతం ఉల్లేఖించారు. సిరియాకు చెందిన ఒక బలశాలి హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు వస్తూపోతూ ఉండేవాడు. కొన్నాళ్ళుగా కనిపించకపోతే ఖలీఫా అతన్ని గురించి విచారించారు. తాగుడులో పడిపోయాడని తెలిసింది. ఆయన లేఖకుణ్ణి పిలిచి, పాపాలను క్షమించేవాడు, పశ్చాత్తాపాన్ని స్వీకరించేవాడు, కఠినంగా శిక్షించేవాడు అని అల్లాహ్‌ను వర్ణించే ఆ ఆయతులనే ఉత్తరంగా రాయించి పంపారు. సహచరులతో కలిసి అతని కోసం దుఆ చేశారు. ఆ వ్యక్తి ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని, ఏడ్చి, తాగుడు మానేశాడు. మీ సోదరుడు జారిపడితే మీరూ ఇలాగే చేయండి అని ఖలీఫా బోధించారు. ఎవరు కనిపించడం లేదో గమనించడం, విచారించడం, కబురు పంపడం, దుఆ చేయడం, ఈ నాలుగూ ఖలీఫా ఆచరణలో ఉన్నవి.

వైద్యం సంగతి ముందు

సమావేశాల సంగతి చెప్పేముందు ఒక హెచ్చరిక అవసరం. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు వైద్య సహాయం లేకుండా హఠాత్తుగా ఆపేయడం ప్రాణాపాయం కావచ్చు. చివరిసారి తాగిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర రాకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి భ్రమించి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. చికిత్స అందకపోతే దీనివల్ల మరణం కూడా సంభవిస్తుంది.

మన ఇళ్ళలో దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ‘రంజాన్ చంద్రుడు కనబడిన రోజు నుంచి ముట్టను’ అని ప్రతిజ్ఞ చేసేవారు ఎందరో! సంకల్పం శ్లాఘనీయమే. కాని రెండో రోజా నాడో, మూడో రోజా నాడో మనిషి వణికిపోతూ, గోడ మీద ఏవో పాకుతున్నాయని అరుస్తుంటే, ‘గాలి సోకింది’, ‘సాయా పడింది’ అంటూ తావీజుల కోసం పరుగెత్తడం ప్రమాదం. అది ఆసుపత్రికి తీసుకుపోవలసిన ఘడియ. కనుక రంజాన్‌లో మానదలచినవాడు షాబాన్ నెలలోనే వైద్యుణ్ణి కలవాలి. వైద్యుడు కొద్దిరోజులు మత్తు దిగడానికి మందులు, బి1 విటమిను ఇస్తారు. తరువాత తాగాలన్న కోరికను తగ్గించే మందులు కూడా ఉన్నాయి. రోగి రోజా పాటించలేని స్థితిలో ఉంటే షరీఅత్ ఇచ్చిన సడలింపు ఉండనే ఉన్నది.

తాగేవానికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టమని అమ్మే పొడుల జోలికి పోరాదు. డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండె, రక్తపోటు తలకిందులవుతాయి. దాన్ని రోగి అంగీకారంతో, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

సహాయ సమావేశం అంటే ఏమిటి?

1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏక్రన్ నగరంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవారే. ఇంకొక తాగుబోతుకు సాయపడుతున్నంత కాలం తాను తాగకుండా ఉండగలుగుతున్నానని విల్సన్ గ్రహించాడు. ఆ ఏడాది జూన్‌లో స్మిత్ చివరిసారి తాగిన రోజునే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంస్థ స్థాపన దినంగా పరిగణిస్తారు. పేరు బయటపెట్టని మద్యవ్యసనపరులు అని దాని భావం; వాడుకలో ఏ.ఏ. అంటారు. 1939లో దాని మూలగ్రంథం వెలువడింది. 1957లో బొంబాయిలో అడుగుపెట్టి భారతదేశమంతటా వ్యాపించింది.

ఏ.ఏ. నియమాలు సులువైనవి. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. రుసుము లేదు. సంచీ తిప్పినపుడు ఇష్టమున్నవారు తోచినంత వేస్తారు. బయటివారి విరాళాలు స్వీకరించరు. రాజకీయాలు, మతవివాదాలు ముట్టరు. సమావేశం సుమారు గంట, గంటన్నర సాగుతుంది. ఒకరు అధ్యక్షత వహిస్తారు. కొన్ని పుటలు చదువుతారు. తరువాత ఒక్కొక్కరే తాము ఎలా ఉండేవారో, ఏం జరిగిందో, ఇప్పుడెలా ఉన్నారో చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, తీర్పులివ్వరు. మాట్లాడటం ఇష్టం లేనివాడు ‘నేను వింటాను’ అంటే చాలు. వ్యసనపరులకు మాత్రమే ప్రవేశముండే సమావేశాలు వేరు, కుటుంబసభ్యులూ రాగలిగేవి వేరు. మానేసి కొంతకాలమైనవాడు కొత్తవానికి అండగా నిలుస్తాడు. అతన్ని స్పాన్సర్ అంటారు. జీవితాంతం మానాలన్న ఆలోచనతో బెదిరిపోకుండా, ఈ ఒక్క రోజు తాగకుండా ఉంటే చాలని పరస్పరం గుర్తు చేసుకుంటారు.

వీరి మార్గంలో 12 మెట్లున్నాయి. తన బలహీనతను అంగీకరించడం, దైవాన్ని ఆశ్రయించడం, ఆత్మపరిశీలన చేసుకోవడం, తన వల్ల నష్టపోయినవారి జాబితా రాసుకుని ఆ నష్టాన్ని పూడ్చడం, ఇతరులకు సాయపడటం వాటిలో ముఖ్యమైనవి. తౌబా నియమాలు చదివినవారికి ఇవి కొత్తవిగా తోచవు. పాపాన్ని విడిచిపెట్టడం, చేసినందుకు చింతించడం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం, దాసుల హక్కులకు భంగం కలిగి ఉంటే ఆ హక్కులు తిరిగి చెల్లించడం తౌబాకు షరతులని పండితులు చెప్పారు. ‘తౌబా’ అనే పదానికి అర్థమే మరలి రావడం. 12 మెట్లు మరలి వచ్చే దారిలో వేసుకున్న అంచెలు.

దీనివల్ల ఫలితం ఉన్నదా? 2020లో కొక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష 27 అధ్యయనాలను, అందులో పాల్గొన్న 10,565 మంది సమాచారాన్ని పరిశీలించింది. ఏ.ఏ. మార్గంలో నడిపించే చికిత్స పొందినవారిలో సుమారు 42 శాతం ఏడాది తరువాత పూర్తిగా మద్యానికి దూరంగా ఉండగా, ఇతర చికిత్సలు పొందినవారిలో అది 35 శాతం. ఇది అందరినీ బాగుచేసే మంత్రం కాదు. అయితే తీసిపారేయదగినదీ కాదు.

సందేహాలు, సమాధానాలు

మొదటి సందేహం బలమైనది. అల్లాహ్ కప్పి ఉంచిన పాపాన్ని మనిషే పొద్దున లేచి చాటుకోవడాన్ని దైవప్రవక్త (సల్లం) తీవ్రంగా ఖండించారు. దీన్ని ‘ముజాహరా’ అంటారు. మరి నలుగురిలో ‘నేను తాగుబోతును’ అని చెప్పుకోవడం అదే కాదా? ఉద్దేశంలో తేడా ఉన్నది. పాపాన్ని గొప్పగానో, సిగ్గులేకుండానో చాటడం వేరు. విముక్తి మార్గం కోసం తెలియజేయడం వేరు. రంజాన్ పగటిపూట రోజా భంగపరచుకున్న వ్యక్తి ‘నాశనమైపోయాను’ అంటూ దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చి ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. ఆయన గద్దించలేదు, పరిహారం బోధించారు. బయటపడే దారి నేర్పగలరన్న ఆశతో గురువుకో, అటువంటివారికో చెప్పుకోవడంలో దోషం లేదని ఇమామ్ నవవీ ‘అజ్కార్’లో వివరించారు. అయినా ముస్లిం కొన్ని హద్దులు పాటించాలి. అవసరమైనంతే చెప్పాలి. తాగిన రోజుల ముచ్చట్లు రుచిగా వర్ణించరాదు. ఇతరుల పాపాలు బయటపెట్టరాదు. అక్కడ విన్నది అక్కడే వదిలేయాలి. సభల్లో జరిగే మాటలు అమానత్ అన్న హదీసు ప్రకారం ఇది అతనిపై విధి కూడా.

రెండో సందేహం: అక్కడ ‘మనకంటే ఉన్నతమైన శక్తి’ అన్న మాట వాడతారు, ప్రార్థన చేస్తారు, కొన్నిచోట్ల చర్చి ఆవరణలో కూర్చుంటారు. దైవాన్ని ఎవరి విశ్వాసం ప్రకారం వారు భావించుకోవచ్చునని వారి గ్రంథాలే చెబుతాయి. ముస్లిం ‘అల్లాహ్’ అనుకుంటాడు, అంటాడు. ఇతరుల ప్రార్థన సాగేటప్పుడు మౌనంగా తన దుఆ తాను చేసుకోవచ్చు. కూర్చునే గది ఎవరిదైనా, అక్కడ జరిగేది చర్చి ఆరాధన కాదు. ఇంకా మనసు కుదరనివారు ‘మిల్లతీ ఇస్లామీ’ గురించి తెలుసుకోవాలి. 1989లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ముస్లింలు నెలకొల్పిన ఈ సంస్థ, 12 మెట్లను ఏకదైవారాధనకు అనుగుణంగా తిరగరాసుకున్నది.

మూడో సందేహం: వ్యసనాన్ని వ్యాధి అంటే బాధ్యత తప్పిపోదా? మందుగా వాడటానికి మద్యం తయారు చేస్తానన్న వ్యక్తితో దైవప్రవక్త (సల్లం), అది ఔషధం కాదు, రోగమే అన్నారు. రోగికి రోగం వచ్చిందన్న నింద తగదు. కాని వైద్యం చేయించుకోకపోతే జవాబుదారీ తప్పదు. మొదటి గుక్కకు మనిషి బాధ్యుడే. వందో రోజున ఒంటరిగా ఆపలేకపోతే, సహాయం వెతుక్కోవడం అతని బాధ్యత అవుతుంది.

నాలుగోది: తౌబా చేసినవాడు పాపం లేనివానితో సమానమైతే, పదేళ్ళ తరువాత కూడా తనను తాగుబోతుగా చెప్పుకోవడమెందుకు? అక్కడ అది పాపప్రకటన కాదు, ఒక్క గుక్క మళ్ళీ పాత గోతిలోకి దించగలదన్న జాగ్రత్త. ఆ మాట నచ్చనివాడు ‘తాగుడు మానినవాణ్ణి’ అని చెప్పుకోవచ్చు.

ఇక మంచివాళ్ళ సాంగత్యం మాటకు వస్తే, 99 హత్యలు చేసినవాని వృత్తాంతమే చాలు. నీకు తౌబా లేదన్న సన్యాసిని కూడా చంపి అతడు నూరు పూర్తి చేశాడు. తరువాత ఒక ఆలిం తౌబా వాకిలి తెరిచే ఉన్నదని చెప్పి, అంతటితో ఆగక, ఈ ఊరు విడిచి సజ్జనులున్న ఫలానా ఊరికి వెళ్ళమని కూడా చెప్పాడు. క్షమాపణ దొరుకుతుందని చెప్పడం సగం ఫత్వా. ఎవరి మధ్యకు వెళ్ళాలో చెప్పడం మిగతా సగం.

ఎలా వెతకాలి? ఎలా వెళ్ళాలి?

మొదటి మెట్టు ఫోను. మత్తు వ్యసనాల విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 14446. మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416. ఇందులో తెలుగులో మాట్లాడవచ్చు. దగ్గరలో ఉన్న విముక్తి కేంద్రం, వైద్యుడు, సమావేశం ఎక్కడని వీటిలో అడగాలి. రెండో మెట్టు ఆసుపత్రి. విడవలూరు నుంచి పెన్న దాటితే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నది. వైద్య కళాశాలకు అనుబంధమైనది గనుక అక్కడి మనోవైద్య విభాగంలో చూపించుకోవాలి. స్తోమత ఉన్నవారికి మద్రాసు దూరం కాదు. అక్కడ శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టి.టి. రంగనాథన్ సంస్థ వ్యసన చికిత్సకు పేరుపొందినది. మూడో మెట్టు ఏ.ఏ. ముంబయిలోని దాని భారత కార్యాలయాన్ని గాని, అంతర్జాలంలో దాని సమావేశాల పట్టికను గాని సంప్రదిస్తే ఏ ఊళ్ళో ఏ వారం ఏ వేళకు కూర్చుంటారో తెలుస్తుంది. ఫోను మీదనే పాల్గొనే సమావేశాలు 2020 తరువాత బాగా పెరిగాయి. గుంట దగ్గర కాపలా ఉన్నవాడు కూడా చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వినవచ్చు.

సొంత ఊళ్ళో ఎవరైనా చూస్తారన్న భయం ఉన్నవానికి పక్క పట్టణమే మేలు. మొదటిసారి పది నిమిషాలు ముందుగా వెళ్ళాలి. చెప్పదలిస్తే ఇంటిపేరు లేకుండా పేరు మాత్రమే చెప్పాలి. వెనుక కూర్చుని విన్నా చాలు. ఒక్క సమావేశంతో తేల్చుకోకుండా అయిదారు చూడాలి. ఒకచోట కుదరకపోతే ఇంకొకచోట కుదరవచ్చు. వచ్చేటప్పుడు ఒక్కరి ఫోను నంబరైనా అడిగి తీసుకోవాలి. ఆ నంబరు ఉపయోగం తాగిన తరువాత కాదు, తాగబోయే ముందు. మగ్రిబ్ వేళ అడ్డుపడితే నిర్వాహకునితో చెప్పి అయిదు నిమిషాలు లేచి వెళ్ళి రావడానికి మొహమాటపడనక్కరలేదు. మధ్యలో జారిపడి తాగితే మరునాడే తిరిగి వెళ్ళాలి. ‘ఇక మొహమెలా చూపించను?’ అన్న ఆలోచన షైతాను గుసగుస. ఆ గదిలో ఉన్నవారిలో జారనివారు అరుదు.

ఇంటివారి సంగతి

వ్యసనపరుల కుటుంబాల కోసం 1951లో ‘అల్-అనాన్’ అనే సంస్థ ఏర్పడింది. భార్య, తల్లి, పిల్లలు కూడా అలసిపోయి ఉంటారు. మత్తులో ఉన్నవానితో వాదించి లాభం లేదు. తేరుకున్నాక, నెమ్మదిగా, ఒక్క కోరిక స్పష్టంగా చెప్పాలి. అతని బాకీలు తీరుస్తూ, అతని తరఫున అబద్ధాలు చెబుతూ ఉంటే వ్యసనానికి నీడ పట్టినట్లే. పరదాపోషీకి, అంటే సోదరుని తప్పు కప్పడానికి షరీఅత్‌లో ఎంతో విలువ ఉన్నది. అయితే రోగిని వైద్యుని నుంచి దాచడం పరదాపోషీ కాదు. కొడితే, ప్రాణభయం ఉంటే, ఓర్పు పేరుతో మౌనంగా భరించనక్కరలేదు. స్త్రీల సహాయ నంబరు 181, అత్యవసర నంబరు 112.

జమాఅతు బాధ్యత

సమావేశం దగ్గరలో లేకపోతే? ఏ.ఏ. మొదలైనదే ఇద్దరితో. తాగుడు మానిన ఒకరు, మానదలచిన ఒకరు, ఒక గది ఉంటే సమావేశం మొదలైనట్లే. విడవలూరులోనైనా, మరే ఊళ్ళోనైనా మసీదు కమిటీ చేయగలిగింది ఎంతో ఉన్నది. ఇషా తరువాత మదర్సా గదినో, బడి గదినో వారానికొక గంట ఇవ్వవచ్చు. మసీదు గడప ఎక్కడానికి సిగ్గుపడేవానికి, ముస్లిమేతర సోదరునికి అటువంటి గదే అనువు. అక్కడ ఉపన్యాసాలు వద్దు, నడిపించవలసింది మానినవారే. హాజరు పుస్తకం ఉండరాదు. ఎవరు వచ్చారో పెద్దలు ఆరా తీయరాదు. ఇమాం సాహెబ్ జుమా ఖుత్బాలో మద్యం నిషిద్ధమని చెప్పిన నోటితోనే, మానలేకపోతున్నవారు ఫలానా చోటికి వెళ్ళవచ్చునని, తనను ఏకాంతంగా కలవవచ్చునని, విన్నది తన దగ్గరే ఉంటుందని కూడా ప్రకటించాలి. ఆ రెండో మాట కోసం ఎదురుచూస్తున్నవాడు చివరి వరుసలో ఉండవచ్చు. వరుసలోనే లేకుండా ఇంట్లో తలుపు వేసుకుని ఉండవచ్చు. అతని కొడుకు విని వెళ్ళి చెబుతాడు.

నిన్నమొన్నటి దాకా మన పక్కన నిలబడి నమాజు చేసినవాడు నేడు ఎందుకు కనిపించడం లేదో గమనించడం మన కర్తవ్యం. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాలోని ఒక మనిషి కోసం మదీనా నుంచి ఉత్తరం రాయించారు. మనం దాటవలసింది రెండు వీధులు.

పరమ కృపాశీలుడైన అల్లాహ్ వ్యసనంలో చిక్కినవారికి విముక్తిని, వారి ఇంటివారికి ఊరటను, మనకు వారి చేయి పట్టుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.